తలుపు మూసినవాళ్ళు

జూన్ 21, ఆదివారం

చిరంజీవి పిచ్చుకకు,

అత్త దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని మొదటి వాక్యంలోనే రాసెయ్యడం పెద్దవాళ్ళు నేర్పిన మర్యాద. మర్యాదకే రాశాననుకో. నా మోకాలు మెట్లు కనబడగానే మొరాయిస్తోంది, మీ మామయ్య రేడియో పెట్టుకుని దానికంటే గట్టిగా గురక పెడుతున్నాడు, వంటింటి కొళాయి కారుతూనే ఉంది. ఇవన్నీ క్షేమం కిందే లెక్క. క్షేమం కానిది వేరే ఉంది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. చెబుదామనే చేశాను. నువ్వు ఎత్తగానే, ఈ వారం భాగం చదివావా అత్తా, ఎలా ఉంది అని అడిగావు. నీ గొంతులో ఆ సంబరం విన్నాక చెప్పాలనుకున్నది పక్కన పెట్టేశాను. బాగుందమ్మా అని పెట్టేశాను. మళ్ళీ చేసినా అదే జరిగింది. కాగితమైతే ఎదురు ప్రశ్న వెయ్యదు కదా అని ఇలా కూర్చున్నాను.

ముందు నీ సీరియల్ గురించి ఒక అభిమానిగా మాట్లాడనివ్వు. నీకు మొదటి అభిమానిని నేనే, ఆ కుర్చీ ఇంకెవరికీ ఇవ్వను. సెలవులకు నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు, అద్దె పుస్తకాల కొట్లో దెయ్యాల నవలలు తెచ్చుకుని ఒకే దిండు మీద తలలు పెట్టి చదివేవాళ్ళం. నువ్వు పేజీ ముందే ముగించేసి, నేను ఇంకా సగంలో ఉంటే కాళ్ళు తపతపా కొట్టేదానివి. మొదటి అధ్యాయం అవగానే ఇందులో ముందు ఎవరు చస్తారో పందెం. ఓడినవాళ్ళు గిన్నెలు తోమాలి. ఎక్కువగా నేనే తోమాను.

పనివాళ్ళను కసిరేవాడు, ముసలామె ఆస్తి కోసం ఆమె కాళ్ళు పట్టేవాడు, గట్టిగా నవ్వే అమ్మాయి, వీళ్ళు ఎలాగూ బతకరని మనకు తెలుసు. దెయ్యాల కథలంత నీతి గల కథలు ఎక్కడా లేవని నేననేదాన్ని. బడి పుస్తకాల్లో అబద్ధమాడినవాడికి ఎప్పుడో ఏదో అవుతుందంటారు. దెయ్యాల కథలో అయితే ఆ వారంలోనే, ఆ మెట్ల మీదే అవుతుంది. బయట అలా ఎప్పుడూ జరగదు కాబట్టే నాకు ఆ కథలంటే అంత ఇష్టమేమో. కానీ నువ్వు ఒక రోజు పుస్తకం మూసి, గట్టిగా నవ్వడం తప్పెలా అవుతుందని అడిగావు. అక్కడితో ఆగలేదు. చెడ్డవాడు ప్రతిసారీ కుంటుతూనే ఎందుకు వస్తాడత్తా, కాలేం పాపం చేసింది అన్నావు. ఆ తరవాత ఏ నవల పట్టుకున్నా అదే కనబడింది. కుంటివాడు, మెల్లకన్నావిడ, పెళ్ళి చేసుకోని పెద్దావిడ, ఎక్కడినుంచో వచ్చి మేడమీద అద్దెకు దిగినవాడు. రాసేవాళ్ళకు దెయ్యం కావలసి వస్తే ఎవరి ఇంటి తలుపు తడతారో నువ్వు అంత చిన్నప్పుడే పసిగట్టావు.

అందుకే నువ్వు “లోపలావిడ” మొదలుపెట్టినప్పుడు నాకు నేల మీద కాలు నిలవలేదు. వారపత్రిక రాగానే మేం బడి యూనిఫాంలు కుట్టే చోటికి పట్టుకెళ్ళి, భోజనాల వేళ అందరికీ చదివి వినిపించడం మొదలుపెట్టాను. మా పనిచోటు నువ్వు చూడలేదు. టైర్ల కొట్టు పైన రెండో అంతస్తు, పొడుగాటి హాలు. ఒక పక్క కుట్టు మిషన్ల వరస, మధ్యలో కటింగ్ మాస్టరు బల్ల, చివర ఇస్త్రీ బల్ల. మెట్లకు దగ్గరగా నా కుర్చీ. కుట్టి వచ్చిన చొక్కాల్లో మిగిలిన దారాలు కత్తిరించి, కుట్టు తప్పినవి పక్కన పెట్టడం నా పని. నా మోకాలు చూసి ఆ కుర్చీ మెట్ల దగ్గరికి మార్పించింది కటింగ్ మాస్టరే. నేను అడగను కూడా లేదు. ఈ మాట గుర్తు పెట్టుకో.

మా మేనకోడలు రాస్తోందని చెప్పుకున్నాను కూడా. చెప్పుకోకుండా ఎలా ఉంటాను. గుండీలు కుట్టే అమ్మాయిలు తినడం ఆపి వినేవాళ్ళు. కటింగ్ మాస్టరు తనకేం పట్టనట్టు వెనక్కి తిరిగి కూర్చునేవాడు గానీ నేను గొంతు తగ్గిస్తే కుర్చీ జరిగిన చప్పుడయ్యేది. ఇస్త్రీ ఆయన మరీ పిరికి. భయం వేసే చోటు వస్తుందనగానే నీళ్ళు తాగడానికి లేచి, గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి వినేవాడు.

వీళ్ళందరిలో బాగా వినేది కాజాలు కుట్టే ఆవిడ. నడివయసు మనిషి, తన అక్కతో కలిసి ఉంటుంది. తక్కువ మాట్లాడుతుంది. చొక్కా ముక్క ఆమె మిషను కిందకి వెళ్ళి వస్తే కాజాలన్నీ ఒక్క తీరుగా, గీత గీసినట్టు ఉంటాయి. ఆమె చేతి నుంచి వచ్చినవాటిలో నాకు కత్తిరించడానికి దారమే మిగిలేది కాదు. నీ కథలో చిన్నకోడలి ఒంట్లోకి లోపలావిడ దూరి, ఇంట్లోవాళ్ళు ఆమెను గదిలో పెట్టి గడియ వేసిన భాగం చదివినప్పుడు అందరూ గుండెలు పట్టుకుంటే, ఈవిడ మాత్రం, మరి ఆ పిల్లకి అన్నం ఎవరు పెడతారండీ అని అడిగింది. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

తరవాత అయిదో భాగం వచ్చింది. చిన్నకోడలు అందరి ముందూ పడిపోవడం, పెదవులు చప్పరించడం, మడమ నేలకేసి కొట్టుకోవడం, అది కింద ఎవరో తలుపు తడుతున్నట్టు వినిపించడం. పక్కింటి పెద్దాయన వచ్చి మూడు కట్టుబాట్లు చెప్పడం. పేరు పెట్టి పిలవకూడదు, కళ్ళలోకి చూడకూడదు, చప్పుడు ఆగేదాకా తలుపు తియ్యకూడదు. ఆడపడుచు మనసొప్పక తలుపు తీసి లోపలికి వెళ్తుంది, తిరిగి రాదు. ఎంత బాగా రాశావంటే చదువుతుంటే నా చేతుల మీద రోమాలు లేచాయి. చదువుతూ తలెత్తి చూస్తే కాజాలావిడ తన డబ్బా మూత పెట్టుకుని కొళాయి దగ్గరికి వెళ్ళిపోతోంది. తినడం పూర్తికాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

బళ్ళు తెరిచే రోజులు కదా, ఈ నెల మొదట్లో ఊపిరాడని పని. ఒక పొద్దున అందరం తలలు ఎత్తకుండా కుడుతుంటే ఆమె కాజాల ముక్కలు ఇస్త్రీ బల్ల మీద పెట్టడానికి లేచింది. బల్ల దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. ఇస్త్రీ ఆయన ఏమిటని అడిగాడు. ఆమె పెదవులు చప్పరిస్తోంది. మరుక్షణం బల్ల మీదికి వాలి, పక్కకు జారి పడిపోయింది. మడమ నేలకేసి కొట్టుకోవడం మొదలైంది.

ఒక గుండీల అమ్మాయి నీ కథ పేరు పెట్టి అరిచింది. అంతే పిచ్చుకా. అంతమంది ఒక్కసారి మెట్లకేసి వచ్చారు. నా కుర్చీ మెట్ల దగ్గర కదా, నేను లేచి లోపలికి వెళ్ళబోతే ఆ ఉరవడిలో బయటికే కొట్టుకుపోయాను. కటింగ్ మాస్టరు అందరికంటే చివర వచ్చి, తలుపు లాగి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. తియ్యమన్నాను. చెయ్యి పట్టుకుని లాగాను. మూర్ఛ అది, జబ్బు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి అని చెప్పాను. ఆయన ముఖం పాలిపోయి ఉంది. నా మీద కోపం లేదు, గౌరవంగానే మాట్లాడాడు.

“మీరే కదక్కా చదివింది. చప్పుడు ఆగేదాకా తియ్యకూడదని.”

అది కథ అన్నాను. నా మేనకోడలు ఇంట్లో కూర్చుని రాసిన కథ అన్నాను. ఊరికే అంత వివరంగా ఎవరూ రాయరక్కా అన్నాడు. వెనక నుంచి ఎవరో, అక్కని లోపలికి పోనివ్వకండి, ఆ ఆడపడుచుకి అయినట్టే అవుతుంది అన్నారు. నన్ను కాపాడుతున్నారట. ఇద్దరు అమ్మాయిలు నా రెండు చేతులూ పట్టుకున్నారు, ఎంత ప్రేమగా పట్టుకున్నారో చెప్పలేను. కింద టైర్ల కొట్టువాళ్ళను కేకేస్తే వాళ్ళ మిషను మోతలో ఎవరికీ వినబడలేదు. లోపల మడమ చప్పుడు. నేను తలుపు మీద అరచేత్తో కొడుతూ ఆమెను పిలుస్తూనే ఉన్నాను. పిలవొద్దని నా నోటికి చెయ్యి అడ్డం పెట్టారు.

కాలిన వాసన వచ్చింది. అప్పుడు ఇస్త్రీ ఆయనకు గుర్తొచ్చింది, పెట్టె వేడిమీదే వదిలేసి వచ్చానని. చొక్కాలు మాడిపోతే తన ఉద్యోగం పోతుందని ఏడుపు మొదలుపెట్టాడు. నేను అంతసేపు మొత్తుకుంటే తెరుచుకోని తలుపు చొక్కాల కోసం తెరుచుకుంది. ఆ పిరికి మనిషే మాస్టర్ని పక్కకు తోసి లోపలికి వెళ్ళాడు.

మాడింది చొక్కాలు కాదు. ఆమె పడినప్పుడు పెట్టె కూడా కింద పడింది. కుడి ముంజేతి మీద ఉంది.

నేను ఆమెను పక్కకు తిప్పాను, మెడ దగ్గర గుండీ విప్పాను, చెయ్యి నీళ్ళల్లో పెట్టాను. అప్పటికి చప్పుడు ఆగిపోయింది. ఆటోలో ఎక్కించడానికి ఇస్త్రీ ఆయన తప్ప ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ, ఇది మామూలు జబ్బే, మాత్రలు వేసుకుంటే అదుపులో ఉంటుంది, ఎందుకు మానేశావని అడిగింది. కాజాలావిడ నా వైపు చూడకుండా చెప్పింది. పొద్దున మాత్రకు మగత వస్తోందని డాక్టరు మధ్యాహ్నం భోజనంతో వేసుకోమన్నారట. అందరి ముందూ వేసుకుంటే ఏం మాత్ర అని అడుగుతారని, ఆ భాగం విన్నప్పటి నుంచి మానేసిందట. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా చేతిలో ఆమె చెప్పులు ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని ఉన్నాను.

కాలిన గాయం మానుతోంది గానీ వేళ్ళు ముడుచుకోవడం లేదు. మళ్ళీ కాజా కుట్టే చెయ్యి కాదంటున్నారు. యజమాని చాలా మెత్తగా మాట్లాడాడు. సూదులూ కత్తెరలూ ఉన్న చోటు, ఆమె మంచికే చెబుతున్నాను, ఇంట్లో విశ్రాంతి తీసుకోమనండి అన్నాడు. మంచికే అన్న మాటకు ఎదురు చెప్పడం ఎలాగో నాకు ఈ వయసుకీ చేతకాలేదు.

మర్నాటి నుంచి ఆమె మిషను దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఎవరూ ఆమెను కాజాలావిడ అనడం లేదు, లోపలావిడ అంటున్నారు. నేను భోజనాల వేళ డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. ఇది నరాల జబ్బు, ఎవరికైనా రావచ్చు, అంటుకోదు అని. బుద్ధిగా విన్నారు. తలలూపారు. తరవాత ఇద్దరు ఆమె స్టూలు కాలితో గోడ వారకు తోసి, సబ్బుతో పాదాలు కడుక్కున్నారు. ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, ఈ వారం పత్రిక తేలేదా అక్కా అని అడిగింది. అంగట్లోకి రాలేదని అబద్ధం చెప్పాను. తను కొనుక్కొచ్చిందట, తనే చదువుతానంది. చదివింది. నేను దారాలు కత్తిరిస్తూ కూర్చున్నాను. లేచి వెళ్ళిపోదామంటే మోకాలు లేవనివ్వలేదు అని రాయాలనిపిస్తోంది గానీ, వెళ్ళి ఎక్కడికి పోతాను.

కటింగ్ మాస్టరు ఒక సాయంత్రం నన్ను ఆపాడు. సరిగ్గా నిద్రపోవడం లేదన్నాడు. చిన్నపిల్లలున్నవాణ్ణి, భయం వేసింది అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు. ఇప్పుడు మన పాత పందెం వెయ్యమంటే ఆ హాల్లో ఎవరి మీద వెయ్యాలో నాకు తెలియడం లేదు. పనివాళ్ళను కసిరేవాడు ఒక్కడూ లేడు. నా కుర్చీ మార్పించిన మనిషి గడియ పెట్టాడు. గ్లాసు పట్టుకుని వణికే మనిషి, చొక్కాల కోసమే అయినా, తీశాడు. ఇన్నేళ్ళు దెయ్యాల కథలు చదివి మనుషుల గుణం మీద నాకు పట్టు దొరికిందనుకున్నాను. తలుపు దగ్గర ఎవరు ఏం చేస్తారో తలుపు దగ్గరికి వచ్చేదాకా వాళ్ళకే తెలియదు.

నిన్న ఆమె ఇంటికి వెళ్ళాను. దర్జీ కొట్టు పైన ఒక్క గది, కిటికీ వీధిలోకి. ఎడమ చేత్తో మంచినీళ్ళు ఇచ్చింది, సగం ఒలికింది, తుడవబోతే వాళ్ళ అక్క వద్దంది. నా మీద కోపం లేదు. నీ మీద కూడా లేదు. పైగా నీకు చెప్పొద్దంది. రాసే అమ్మాయి మనసు పాడైతే కథ పాడవుతుందట. అందరికీ అంత భయం వేసిందంటే బాగా రాసినట్టే కదండీ అంది. నేను కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చున్నాను. లేవబోతుంటే అడిగింది.

“చివరికి ఆ చిన్నకోడల్ని ఏం చేస్తారండీ?”

నాకు తెలుసు. నువ్వే ఫోన్లో చెప్పావు, చివరి భాగం అచ్చుకు వెళ్ళిపోయిందని, ఇంటితో పాటు కాల్చేస్తారని. తెలియదమ్మా, పత్రికవాళ్ళు ముందుగా చెప్పరు అన్నాను. ఆమె తలూపింది. బతికిస్తే బావుండు అంది, నీళ్ళు ఒలికిన చోటు చూస్తూ.

నిన్ను రాయడం మానెయ్యమనడం లేదు పిచ్చుకా. నువ్వు ఎవరి చెయ్యీ కాల్చలేదు. వారపత్రిక చదివి తలుపులు మూసేవాళ్ళు, అది లేకపోయినా వేరే ఏదో చదివి మూసేవారేమో. నాకు ఒక్కటే కొరుకుడు పడటం లేదు. మనం చదివిన ఎంత చెత్త నవలలోనైనా, సాటి మనిషిని లోపల వదిలి గడియ పెట్టినవాడు తరవాతి అధ్యాయం చూడడు. నీ కథలో గడియ పెట్టినవాళ్ళందరూ బతికారు, తీసిన ఒక్క పిల్లా చచ్చిపోయింది. కాలేం పాపం చేసిందని అడిగిన పిల్ల రాసిందా ఇది అని కూడా అనిపించింది. అచ్చైపోయిన దాన్ని నువ్వూ ఏం చెయ్యలేవు, నేనూ ఏం చెయ్యలేను. శుక్రవారం అది వస్తుంది, ఎవరో ఒకరు చదువుతారు, నేను వింటాను.

వేళకు తిను. మీ నాన్నను అడిగానని చెప్పు.

ఎన్నటికీ నీ అభిమాని,
అత్త

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. ఇది రాయకుండా పంపితే పైదంతా నిన్ను తిట్టడానికి రాసినట్టవుతుంది.

నీకు మూర్ఛ ఉండేది పిచ్చుకా. మాటలు బాగా వచ్చాక మొదలై, బళ్ళో వేసిన కొత్తలో తగ్గిపోయింది. పాలతో పాటు వేసిన మాత్రలు బలానికి కాదు. మీరు పాత ఇల్లు ఖాళీ చేసింది మీ నాన్న ఉద్యోగం కోసమూ కాదు. పక్కిళ్ళవాళ్ళు తమ పిల్లల్ని నీతో ఆడుకోనివ్వకపోతే మీ అమ్మ చూడలేకపోయింది. జబ్బు పోయాక దాని పేరు మాత్రం పిల్లకెందుకు మిగలాలి అని మీ నాన్న అందరి చేతా మాట తీసుకున్నాడు. ఈ రోజు నేను ఆ మాట తప్పుతున్నాను.

అయిదో భాగమంతా ఊహించి రాశానన్నావు. మీ అమ్మ డాక్టరుకు ఒక్కొక్కటే వివరంగా చెబుతున్నప్పుడు నువ్వు నా ఒళ్ళోనే ఉన్నావు. బొమ్మ జుట్టు దువ్వుకుంటున్నావు, వినడం లేదనుకున్నాం. నువ్వు రాసిన ఆ వాక్యాలు మీ అమ్మవి తల్లీ. వాటిలో పడిపోయిన పిల్లవి నువ్వు.

ఒకసారి నీకు తెలివొచ్చాక నిన్ను హత్తుకుని, ఇంతసేపూ ఎక్కడికి వెళ్ళిపోయావే అని అడిగాను. నువ్వు నా వైపు వింతగా చూశావు. నేనెక్కడికీ వెళ్ళలేదత్తా, ఇక్కడే ఉన్నాను, మీరే అందరూ వెళ్ళిపోయారు అన్నావు.